నేను లేని వాక్యాలు

"మై హౌస్ ఆల్సో హెల్ప్, సార్" అన్నాడు గురవయ్య. మా ఇంట్లో కూడా ఓ చెయ్యేస్తుంది అని ఆయన ఉద్దేశం. బల్లకి అవతల కూర్చున్న జపాను మేనేజరు మొరీ, ఇల్లు సాయం చెయ్యడమేమిటని ఆశ్చర్యపోలేదు. గుమ్మం దగ్గర సంచులు పట్టుకుని నిలబడిన గురవయ్య భార్య కృపావతి వైపు ఒకసారి చూసి, తల పంకించి, కాగితం మీద ముద్ర వేశాడు. ఆ కాగితంలో గురవయ్య పేరొక్కటే ఉంది.

అది పంతొమ్మిది వందల డెబ్బై ఆరు. మస్కట్‌కి ఆనుకుని వాడి కబీర్‌లో, పచ్చగడ్డి పరకైనా లేని కొండల మధ్య, వర్క్‌షాపుల వెనక కట్టిన గెస్ట్‌హౌస్ అది. సముద్రం ఒడ్డున పైపులు వేసే జపాను కంపెనీ ఇంజినీర్లు పద్ధెనిమిది మంది అందులో ఉండేవారు. వాళ్ళ భోజనాలు చూసే మెస్ సూపర్‌వైజరు గురవయ్య. వంటమనిషి ఆదోని నుంచి వచ్చిన దస్తగిర్. వెనకవైపు ఒక గది, దానికో బాత్రూము మొగుడూ పెళ్ళాలకిచ్చారు. ఇక మిగిలింది ఆ "ఓ చెయ్యి".

ఆ చెయ్యి తెల్లవారకముందే లేచి బియ్యం కడిగేది. పద్ధెనిమిది మందికి సరిపడా బియ్యాన్ని నీళ్ళు తేటపడేదాకా ఏడుసార్లు కడిగేది. చేపలు శుభ్రం చేసేది, ముల్లంగి తరిగేది, బల్లలు తుడిచేది, దస్తగిర్‌కి జ్వరమొస్తే పొయ్యి దగ్గర కూడా నిలబడేది. మధ్యాహ్నం గదికొచ్చి గురవయ్యకి విడిగా అన్నం, పప్పు, వంజరం పులుసు వండేది, ఆయన కంపెనీ తిండి ముట్టుకోడు గనక. మళ్ళీ సాయంత్రం వంటగది. "నీకేంది, ఏసీలో పని. మా అమ్మ కళ్ళం కాడ ఎండలో చేసింది" అనేవాడు గురవయ్య. ఆయన తల్లి ఎండలో చేసిన పనికి ఆయన తండ్రి ఏమన్నాడో కృపావతికి తెలీదు. ఏమీ అని ఉండడు. ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో మగవాళ్ళకి వంశపారంపర్యం.

రేపల్లె మిషన్ బడిలో మూడేళ్ళు పంతులమ్మగా పనిచేసింది కృపావతి. ఒకటో తరగతి పిల్లలకి బొమ్మ చూపించి మాట నేర్పడం, మాట చూపించి అక్షరం నేర్పడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. మస్కట్ ప్రయాణానికి ఉద్యోగం మానేస్తూ ఉత్తరం రాసిన రోజు అత్తగారంది: "ఆడదాని చదువు పొయ్యిలో కట్టెలాంటిదమ్మా. అన్నం ఉడికిందాకే దాంతో పని." పక్కనే కూర్చున్న గురవయ్య నవ్వాడు. ఆ నవ్వు కృపావతి చెవిలో ఒడ్లగింజలా ఉండిపోయింది. నొప్పి లేదు, పోదు, తల తిప్పినప్పుడల్లా కదులుతుంది.

మాటల సంగతి మొదలైంది దస్తగిర్ వల్ల. మొరీ భార్య ఫుమికో, యాభై దాటిన సన్నటి మనిషి, మొదటివారంలో ఒకనాడు వంటగదిలోకొచ్చి "జారు, జారు" అని అడిగింది. దస్తగిర్ క్షణం ఆలోచించి, తమ కోసం పెట్టుకున్న చారు గిన్నె తెచ్చి భక్తిగా ఆమె ముందు పెట్టాడు. ఆమె చారు వంక చూసింది, దస్తగిర్ వంక చూసింది, చెయ్యి నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది. తర్వాత గోడకి వేలాడుతున్న చిల్లుల బుట్ట తీసి చూపించింది. "జారు."

"అదేందక్కా, నీళ్ళు జారిపోతాయని జారు అంటారేమో!" అన్నాడు దస్తగిర్.

ఆ పూటే కృపావతి ఒక నోటుబుక్కు తీసింది. జారు అంటే చిల్లుల బుట్ట. నాబె అంటే గిన్నె. హోచో కత్తి, మనైత కూరలు తరిగే చెక్క, యకన్ నీళ్ళు కాచే కెటిల్, ఒతామా గరిటె, షామొజి అన్నం తీసే హస్తం. ఫుమికో వస్తువు ఎత్తి చూపించేది, కృపావతి మాట పలికేది, పలకడం కుదిరాక రాసుకునేది. రాసి, పక్కన చిన్న బొమ్మ వేసేది. ఫుమికోకి కొంచెం ఇంగ్లీషు, కృపావతికి అంతకన్నా కాస్త ఎక్కువ. మిగతాది చేతులూ కళ్ళూ. నెల తిరిగేసరికి వస్తువులు అయిపోయి పలకరింపుల్లోకి వచ్చారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, గడప దాటేటప్పుడు ఒకటి, దాటి వచ్చాక ఒకటి. ఎంగిలి పడేముందు చేతులు జోడించి "ఇతదకిమస్" అంటారు. పనినుంచి వచ్చినవాడితో "ఒత్సుకరెసామా" అంటారు, అలిసిపోయి ఉంటారు కదా అని. ఈ మాట రాసుకుంటూ కృపావతి పెన్ను ఆపింది. తన ఇరవై ఎనిమిదేళ్ళలో ఈ మాట ఎవరు ఎవరితో అనగా విన్నాను అని వెతుక్కుంది. అమ్మ నాన్నతో అనేది, తాను గురవయ్యతో అంటుంది. ఇటునుంచి అటు పోయిన మాటలే అన్నీ. అటునుంచి ఇటు వచ్చిన మాట ఒక్కటీ గుర్తురాలేదు.

సాయంత్రాలు గురవయ్య మంచం మీద వాలి, "ఇయ్యాల్టి మాటలు చెప్పవే" అనేవాడు. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ కృపావతి చెప్పేది. ఆయన రెండుమూడుసార్లు పలికి చూసుకుని, మర్నాడు భోజనాల గది గుమ్మంలో నిలబడి, సైట్ నుంచి దుమ్ముకొట్టుకుని వచ్చే ఒక్కొక్క ఇంజినీరుకీ వంగి "ఒత్సుకరెసామా!" అనేవాడు. వాళ్ళు సంబరంగా ఆయన భుజం తట్టేవారు. గురవ-సాన్‌కి, అంటే గురవయ్యగారికి, మన భాష ఎంత బాగా వచ్చింది అనేవారు. తలుపు సందులోంచి కృపావతి చూసేది. అదే మనిషి గదికొచ్చి చెప్పులు విప్పుతూ "ఏందే, మంచినీళ్ళు" అనేవాడు. ఆ మాట జపాను భాషలో ఎలా చెప్పాలో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఒకరోజు ముల్లంగి తురుముతూ ఫుమికోని అడిగింది: తిన్నాక మీవాళ్ళు "గొచిసోసామా" అంటారే, ఆ మాటకి అర్థం ఏమిటి? ఫుమికో కాస్త ఆలోచించి, రెండు వేళ్ళు మనుషుల కాళ్ళలా చేసి ముల్లంగి చెక్క మీద ఇటూ అటూ పరుగెత్తించింది. "రన్. రన్. ఫర్ ఫుడ్." ఈ భోజనం కోసం ఎవరో ఎక్కడెక్కడికో పరుగులు పెట్టారు, ఆ పరుగుకి దణ్ణం. కృపావతి ఆ వేళ్ళ వంకే చూస్తూ ఉండిపోయింది. పరుగుకి దణ్ణం పెట్టే మాట కూడా లోకంలో ఉందన్నమాట. పద్ధెనిమిది మంది రోజుకి మూడుసార్లు ఆ మాట అంటున్నారు, గోడ వైపు చూస్తూ, పళ్ళు కుట్టుకుంటూ, లేచిపోతూ.

"మీ ఆయన మీతో అంటారా?" అని అడిగింది.

ఫుమికో మళ్ళీ చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. అంత నవ్వు రాలేదు ఈసారి. మా దేశంలో మగవాడు ఇంటికొస్తే మూడే మాటలంటాడని ఒక సామెతలాంటిది ఉందని చెప్పింది. మెషి, ఫురో, నెరు. అన్నం, స్నానం, పడుకుంటా. మరి మిమ్మల్ని ఏమని పిలుస్తారు? "ఒయ్." అంటే? అంటే ఏమీ లేదు, "ఒయ్" అంతే. నలుగురిలో మాత్రం "కనై" అంటారు. వేలితో గాలిలో ఒక ఇల్లు గీసి, దాని లోపల ఒక చుక్క పెట్టింది. ఇంటి లోపల ఉన్నది.

ఆ రోజు ఆఫీసులో మొరీ ఎందుకు ఆశ్చర్యపోలేదో కృపావతికి ఇప్పుడర్థమైంది. ఆ ఇంగ్లీషు ఎవరికర్థం కాకపోయినా ఆయనకి అర్థమై ఉంటుంది. "మా భాషలో కూడా," అంది నెమ్మదిగా, "భార్యని 'మా ఇంట్లో' అంటారు. ఇల్లు అంటే భార్య. పేరుండదు." ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరిది రేపల్లె, ఒకరిది ఎక్కడో మంచు పడే ఊరు. నవ్వుదామనుకున్నారు, నవ్వు సగంలో ఆగిపోయింది. దస్తగిర్ ఇద్దరినీ చూసి, "ఏమైందక్కా, ముల్లంగి ఘాటా?" అన్నాడు.

ఆ తర్వాత కృపావతికి నిలకడ పోయింది. కడిగిన గిన్నె మళ్ళీ కడిగేది. చేతిలో పనున్నా ఇంకేదో మరిచిపోయినట్టు గుమ్మం దాకా వెళ్ళి వచ్చేది. నోటుబుక్కు అన్ని పేజీలూ తిప్పి చూస్తే ఒక సంగతి కనబడింది. అందులో ఎక్కడా "నేను" అనే మాట లేదు. రెండువందల పై చిలుకు మాటలున్నాయి. గిన్నె ఉంది, గరిటె ఉంది, ఉప్పుంది, క్షమించండి ఉంది. నేను లేదు. ఫుమికో నేర్పిన వాక్యాల్లోనూ లేదు, ఆ భాషలో అది లేకుండానే మాట నడిచిపోతుంది కాబట్టి. మన తెలుగు మాత్రం? వండాను. కడిగాను. ఉతికాను. వడ్డించాను. తిన్నావా అంటే తిన్నాను. రోజంతా మాట్లాడినా ఒక్కసారి కూడా "నేను" అననక్కర్లేదు. క్రియ చివర ఓ చిన్న "ను" తగిలించుకుని, చీర చెంగు పట్టుకుని వెనకాల నడిచే పసిపిల్లలా, బతుకు వెళ్ళిపోతుంది.

"నేను అనడానికి మాటేమిటి?" అని అడిగింది మర్నాడు.

"వతాషి" అంది ఫుమికో. తన ముక్కు మీద వేలు పెట్టి చూపించుకుంది. "ఎక్కువగా అనం." కెటిల్ కింద మంట తగ్గించి, ఇంకో ముక్క చెప్పింది. వతాషి అని ఊరికే అంటే నేను. వతాషి పక్కన "గ" చేర్చి నొక్కి చెబితే, నేనే. ఇంకెవరూ కాదు, నేనే.

ఆ వారంలోనే గురవయ్య సంబరంతో ఊగిపోతూ వచ్చాడు. దూరంగా ఉత్తరాన, షినాస్ దగ్గర కంపెనీ కొత్త క్యాంపు తెరుస్తోంది. వందమంది. ఇండియా, పాకిస్తాన్‌ల నుంచి కొత్త వంటవాళ్ళొస్తున్నారు, వాళ్ళెవరికీ జపానువాళ్ళ మాట ముక్క రాదు. టోక్యో నుంచి కనెదా అనే పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. వంటగది మాటలతో ఒక పుస్తకం అచ్చువేయించాలని ఆయన ఆలోచన. "మన కాడ తయారుగా ఉందని చెప్పేసినానే! క్యాంపు బాస్‌ని చేస్తారంట నన్ను. నువ్వు ఇంగ్లీషులో శుభ్రంగా కాపీ చెయ్యి, పక్కన బొమ్మలు కూడా ఎయ్యి. పైన 'బై గురవయ్య' అని పెట్టు."

"రాసింది నేను కదండీ."

"అయితే ఏందంట? నువ్వూ నేనూ వేరా? బైబిల్లో ఏముంది, ఇద్దరూ ఏకశరీరమని కదా. నా పేరు పెడితే నీ పేరు పెట్టినట్టే." ఆయన గొంతులో మోసం లేదు. అదే కృపావతిని ఎక్కువ కలవరపెట్టింది. ఆయన నిజంగా అలాగే అనుకుంటున్నాడు. ఏకశరీరంలో తల ఎవరిదో, చెయ్యి ఎవరిదో ఎప్పుడో నిర్ణయమైపోయింది, చెయ్యి రాసింది తల రాసినట్టే.

నాలుగు రోజులు కూర్చుని కాపీ చేసింది. గుండ్రటి పంతులమ్మ దస్తూరీ. అట్ట మీద, ఆయన చెప్పినట్టే, ఆయన పేరు రాసింది. ఆ రెండు మాటలు రాయడానికి పట్టింది అర నిమిషం. రాయనంటే ఏమవుతుంది? కొట్టడు. అరుస్తాడు, రెండు రోజులు మాట్లాడడు, వాళ్ళమ్మకి ఉత్తరం రాస్తాడు. అంతకన్నా భయపెట్టేదేమీ లేదు. అయినా ఎందుకు రాశాను? అలవాటు. అన్నం ముందు ఆయన కంచంలో పెట్టినట్టే, పేరు కూడా ముందు ఆయనదే పెట్టాను. ఈ ఆలోచన వచ్చాక మరి కూర్చోలేకపోయింది. ఎండలో బయటికెళ్ళి, కొండల వైపు మొహం పెట్టి నిలబడింది. కొండలు కాలిన ఇనుము రంగులో ఉన్నాయి. వర్క్‌షాపులో ఎవరో రేకు మీద సుత్తితో ఒకటే బాదుతున్నారు.

శుక్రవారం సెలవు. కనెదాకి మధ్యాహ్న విందు. పొద్దుటినుంచి కృపావతి, ఫుమికో, దస్తగిర్ ముగ్గురూ వంటగదిలోనే ఉన్నారు. పన్నెండున్నరకి లోపలినుంచి పిలుపొచ్చింది, పళ్ళు తెమ్మని. కృపావతి పళ్ళెం పట్టుకుని వెళ్ళింది, వెనక టీ పట్టుకుని ఫుమికో. బల్ల మధ్యలో ఆమె కాపీ చేసిన పుస్తకం ఉంది. కనెదా పేజీలు తిప్పుతూ, చిల్లుల బుట్ట బొమ్మ దగ్గర ఆగి, ముచ్చటపడుతున్నాడు. కొత్త చొక్కాలో గురవయ్య పక్కన నిలబడి ఉన్నాడు. మొరీ ఆయన్ని చూపించి ఏదో పొగిడాడు. కనెదా పళ్ళు తీసుకుంటూ కృపావతికి తలవంచి, "ఒక్-సాన్, గొకురోసామా" అన్నాడు. ఇంటావిడగారూ, శ్రమపడ్డారు అని. పెద్దవాళ్ళు పనివాళ్ళతో అనే మాట అది, ఆమెకి తెలుసు. అక్కడితో వంగి దణ్ణం పెట్టి వెనక్కి రావాలి.

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. పుస్తకం మీద వేలు పెట్టింది. గొంతు ఒకటో తరగతి గదిలో వెనకబెంచీకి వినిపించే గొంతే.

"కొరె వ, వతాషి గ కకిమషిత."

దీన్ని రాసింది నేనే.

ఫుమికో చేతిలో టీ గిన్నె సాసరు మీద చిన్నగా మోగింది. మొరీ మొహంలో రంగు మారింది, కోపమో సిగ్గో తెలీలేదు. కనెదా కళ్ళద్దాలు తీసి, కృపావతిని చూసి, అప్పుడు గురవయ్య వైపు తిరిగాడు.

"గురవ-సాన్. హొన్తో దెస్ క?"

నిజమేనా? అని అడిగాడు. ఆ మాట గురవయ్యకి రాదు. కృపావతి నేర్పినవి కెటిళ్ళూ గరిటెలూ పలకరింపులూ, అంతే. ఆయనకి తెలిసిందల్లా పెద్దాయన తనవైపు తిరిగాడు, పుస్తకం చేతిలో ఉంది, కనుక పొగుడుతున్నాడు. రెండు చేతులూ తొడలకి ఆనించి నడుందాకా వంగాడు.

"హాయ్! హాయ్! అరిగతో గొజైమస్!"

అవును, అవును, చాలా సంతోషం అన్నాడు.

కనెదా ఒక్క క్షణం ఆయన్ని చూసి, జేబులోంచి పెన్ను తీసి, మీ పేరేమిటని కృపావతిని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయనకి ఆ 'కృ' పలకలేదు, మూడుసార్లు ప్రయత్నించాడు. తొందరపడకుండా మూడుసార్లూ ఆమె మళ్ళీ చెప్పింది. రేపు ఆఫీసుకి రండి అన్నాడు.

గదికొచ్చేదాకా గురవయ్య నేల మీద లేడు. "చూసినావా, ఎట్లా మేనేజ్ చేసినానో! నువ్వు కూడా ఏదో బాగా అన్నావే, పెద్దాయన మెచ్చుకున్నాడు. ఏమన్నావ్?"

చెప్పకుండా ఉండొచ్చు. ఈ సంతోషం ఇంకో పూట సాగనివ్వొచ్చు. ఇన్నేళ్ళూ అదే చేసింది, ఆయన ఆనందాన్ని పొంగిపోకుండా, విరిగిపోకుండా, పాలలా కాచింది. కృపావతి మంచం మీద ఆయనకెదురుగా కూర్చుంది.

"పుస్తకం నేనే రాశానన్నాను."

గురవయ్య నవ్వు మొహం మీదే ఉంది, వెనక్కెళ్ళే దారి తెలీనట్టు. "ఎవరితో?"

"అందరితో. ఆయన 'నిజమేనా' అని మిమ్మల్నే అడిగారు. మీరు అవునన్నారు."

అర్థం కావడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది. అయ్యాక అరిచాడు. నలుగురిలో మొగుడి పరువు తీశావన్నాడు, నోటికాడి కూడు తన్నేశావన్నాడు, ఎవరు నేర్పారీ పొగరు, ఆ ముసల్దేనా అన్నాడు. కృపావతి వింది. ఈసారి ఆ మాటలు ఎక్కడా గుచ్చుకోలేదు. వర్షం పడుతుంటే చూరు కింద నిలబడి చూస్తున్నట్టుంది.

"మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. సామాను చూడ్డం, మనుషుల్ని నడపడం మీకు బాగా వచ్చు, ఆ మాట కూడా నేను చెప్తాను. మీరు షినాస్ వెళ్ళండి. నేను రాను."

"రావా? వందమంది పనక్కడ! ఎవరు చేస్తారు?"

ఆయన చొక్కా విప్పి విసిరేసి బయటికెళ్ళిపోయాడు. ఆ చొక్కా కిందే పడి ఉంది. ఆమె దాన్ని తియ్యలేదు. తియ్యకుండా ఉండడం అంత కష్టమని అప్పటిదాకా ఆమెకి తెలీదు.

శనివారం పొద్దున ఒక్కతే ఆఫీసుకెళ్ళింది. కనెదా లేచి కుర్చీ చూపించాడు. మొరీ ముభావంగా ఉన్నాడు. కొత్త వంటవాళ్ళు ముందు వాడి కబీర్‌కే వస్తారు, వాళ్ళకి మాటలు ఆమే నేర్పాలన్నాడు కనెదా. మొరీ ఇంగ్లీషులో కూడబలుక్కుని చెప్పాడు: గురవ-సాన్ జీతంలోనే కలిపేద్దాం, ఇప్పుడున్నట్టే, ఒక్-సాన్ సాయం చేస్తుంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేరే కాగితం కావాలంది, దాని మీద నా పేరు ఉండాలంది. పంతులమ్మ పని చేస్తాను, వంట పని చెయ్యనంది. ప్రతి వాక్యమూ "నేను" తోనే మొదలుపెట్టింది, అవసరం లేనిచోట కూడా. మొరీ మెడ రుద్దుకున్నాడు. కనెదా తమ భాషలో ఏదో అన్నాడు, పొట్టిగా. మొరీ సొరుగు లాగి కాగితం తీశాడు.

ఆమె సంతకం చేసింది. ముద్ర పడింది. లేచి నిలబడ్డాక మొరీకి అసలు సంగతి తట్టింది కాబోలు, గాభరాగా అడిగాడు: మరి సోమవారం నుంచి ఇక్కడి వంటగది ఎవరు చూస్తారు? బియ్యం, చేపలు, బల్లలు?

ఆమెకి తెలుసు. దస్తగిర్ అన్నం ఎసరు తక్కువ పెడతాడని తెలుసు. చేపలవాడు ఏ రోజున రాడో, ఏ ఇంజినీరుకి గుడ్డు పడదో, సోయా సీసాలో ఎన్ని చెంచాలు మిగిలాయో తెలుసు. ఎవర్ని తేవాలో, వాళ్ళకి ఎన్నాళ్ళు నేర్పాలో కూడా తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది, చెప్పేయబోయింది. పెదాలు మూసుకుని, తలవంచి నమస్కరించి, ఫుమికో నేర్పిన మాటల్లో ఇన్నాళ్ళూ తనకి పనికిరాదనుకున్న ఒక్క మాట అంది.

"వకరిమసెన్."

నాకు తెలీదు.